ఎడారిలోయలో ఏటి జాడ

"మండువేసవిలో ఎడారికి ప్రయాణమేమిటే, అమ్మాయీ!" అని మా యత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. రాజమహేంద్రవరమున రోహిణికార్తె యెండలు చాలక, సముద్రములు దాటిపోయి యెండలను వెదకికొనువారిని ఆమె యెన్నడును చూచి యెరుగరట. అది 2024వ సంవత్సరము. ఆమెకు అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. మోకాళ్లు సహకరింపక వీథిగుమ్మము దాటి రెండేండ్లయినది. చిన్ననాడు తండ్రిగారితో లాంచిపై భద్రాచలమునకు పోవుచు పాపికొండల నడుమ గోదావరిని చూచినారు. ఆ మాట వచ్చినప్పుడెల్ల ఆమె కన్నులు నేటికిని పెద్దవగును.

నేను మా యమ్మాయి యింటికి బయలుదేరునాడు ఆమె నాకొక పని యప్పగించిరి. "మీ మొగములు నేనెరుగుదును. వాటిని తీసికొని రావద్దు. ఆ లోయ యెంత లోతో నాకు తెలియునట్లు బొమ్మ తీసి తే. అడుగున ఏరున్నదన్నారు గదా, అదియు కనబడవలెను."

ఈ పని యెంత కష్టమో ఆనాడు నేనెరుగను. నావలెనే బిడ్డల యిండ్లకు వేసవిలో అమెరికా పోవు సోదరీమణులు నేడు మన వైపున పెక్కుమంది యున్నారు. చేతిలో ఫోనో కెమెరాయో లేనివారు వారిలో నుండరు. కావున నేను పడిన పాట్లు వారికుపయోగింపవచ్చునని వ్రాయుచున్నాను.

మా యమ్మాయి కాపురము అరిజోనా రాష్ట్రమునందలి ఫీనిక్సు నగరమున. జూలై మాసమున అచ్చట పగటివేడి 110 డిగ్రీల ఫారెన్‌హీటు దాటుట మామూలు. మన లెక్కలో 43 డిగ్రీలకు పైమాట. అందుచేత తెల్లవారుజామున నాలుగింటికే కారెక్కితిమి. మనిషికి ఒక గేలను చొప్పున నీరు, పులిహోర, పెరుగన్నము, మా మనుమరాలికి జంతికలు. కెమెరాను మాత్రము నా యొడిలోనే పెట్టుకొంటిని. మూసిన కారును ఎండలో నిలిపినచో లోపల పొయ్యివలె కాగును. కెమెరాకు గాని, దాని బ్యాటరీకి గాని అంతకంటె కీడు లేదు.

త్రోవ పొడుగున మొదట మనుష్యులు చేతులెత్తి నిలిచినట్లుండు బ్రహ్మాండమైన జెముడు చెట్లు. వానిని సగువారో అందురు. పోనుపోను దారి మీదికెక్కినది. ఫీనిక్సు సముద్రమట్టమునకు సుమారు 1,100 అడుగుల యెత్తున నుండగా, 145 మైళ్లు పోయిన పిమ్మట వచ్చు ఫ్లాగ్‌స్టాఫు 7,000 అడుగుల యెత్తున నున్నది. ఇంచుమించు మన ఉదకమండలమంత యెత్తన్నమాట. జెముళ్లు మాయమై దేవదారువంటి పొడవైన చెట్లు వచ్చినవి. మా మనుమరాలు శాలువ యడిగినది. ఎడారి యనిన అంతయు ఇసుకయే యని తలచియుంటిని. చలిగాలికి నాకే నవ్వు వచ్చినది.

అచ్చటినుండి మరి 80 మైళ్లు. ఆ దారిలో ఎంత చూచినను కొండలేదు, లోయలేదు. చెట్లు, చదునైన నేల. కారు నిలిపి నాలుగడుగులు నడచితిమో లేదో, నేల ముగిసిపోయినది! పాపికొండలను మనము క్రిందినుండి పైకి చూతుము. నది మన ప్రక్కన నుండును. ఇచ్చట కొండలన్నియు మన కాళ్ల క్రింద నున్నవి. వానిని పైనుండి చూడవలసి వచ్చుటచే కన్ను దేనిని పట్టుకొని నిలువవలెనో తోచక కొంతసేపు తిరుగుచునే యుండును.

దీని పేరు గ్రాండ్ కేనియన్. కొలరాడో నది తన దారిని తాను తొలుచుకొనుచు 277 మైళ్ల పొడవున చేసిన పని యిది. వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్లవరకు, లోతు ఒక మైలుకు పైన. మేము నిలిచిన దక్షిణపుటంచునుండి ఎదుటి యంచు పక్షి పోవు దారిని పది మైళ్లే. కారుపై చుట్టి పోవలెనన్న రెండువందల మైళ్లు దాటును. 1919లో దీనిని జాతీయోద్యానముగా చేసిరి.

ఆ మొదటి మధ్యాహ్నమున నేను రెండువందల ఛాయాచిత్రములు తీసితిని. రాత్రి బసలో కూర్చుండి వానిని చూచుకొనగా ఏడుపు వచ్చినంత పని యైనది. అన్నియు నొక్కటే! అంత లోయయు చదునుగా, వెలవెలబోయి, నీలపు పొగ కప్పినట్లుండెను. "అమ్మమ్మా, ఇది ఎఱ్ఱమట్టి ముద్దవలె నున్నది" అని మా మనుమరాలు తేల్చివేసినది.

తప్పు కెమెరాది కాదు, వేళది. రోటికి క్రొత్తగా కొట్టించిన గంట్లను నడినెత్తిమీది దీపపు వెలుగున చూడుడు, అంతగా తెలియవు. అదే దీపమును ప్రక్కన నేలమీద పెట్టినచో ఒక్కొక్క గంటును లెక్కపెట్టవచ్చును. లోయయు నట్లే. లోతును చూపునది వెలుతురు కాదు, నీడ. మిట్టమధ్యాహ్నమున సూర్యుడు నీడలన్నిటిని రాళ్ల క్రిందికి తోసివేయును. వేసవిలో ఆవిరియు దుమ్మును కలిసిన మసక యొకటి. పదిమైళ్ల గాలిని దాటి వచ్చు చూపునకు అది తెర కట్టును. కావున మరునాడు పగలంతయు కెమెరాను సంచిలో పెట్టి, ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు మాత్రమే పని చేయుటకు నిశ్చయించుకొంటిని. మిగిలిన వేళ చూచుటకే. ఆ నియమము పెట్టుకొన్న పిమ్మటనే నిజముగా చూచితినని చెప్పవలెను.

ఐదు గంటలు దాటినంతనే మేథర్ పాయింటను చోట వెలుగు వచ్చినది. మొదట ఎదుటి గట్టు కొసన బంగారు గీత. అది క్రమముగా మెట్టుమెట్టుగా దిగి, ప్రతి మెట్టుకును ఒక వన్నె తెచ్చినది. పైన లేత పసుపుసున్నపురాయి, దాని క్రింద తెల్లని ఇసుకరాయి, తరువాత కావిరంగు పొరలు, నిలువుగా నిలిచిన ఎఱ్ఱని గోడ. ఆ ఎఱ్ఱగోడ సంగతి వినుడు: దాని అసలు రంగు బూడిదవన్నె. పైపొరలనుండి యినుపతుప్పు వానలకు కారి దానికి పూత పూసినదట! ఆ తెల్లని ఇసుకరాయి ఒకప్పుడు ఇసుకతిన్నెలు. వానిమీద నడచిన జంతువుల అడుగుజాడలు నేటికిని రాతిలో నున్నవి. మనము కాలుపెట్టి నిలిచిన పైపొర వయస్సు సుమారు 27 కోట్ల యేండ్లు. అట్టడుగున నది యొరయుచున్న నల్లరాయికి 170 కోట్ల యేండ్లకు పైన. నది యీ తొలుచుట మొదలిడి యేబది అరువది లక్షల యేండ్లే యైనదని శాస్త్రజ్ఞులలో పలువురి మతము. రాయి ముసలిది, లోయ పడుచుది.

ఆ నల్లరాతి పేరు విన్నపుడు నాకు ఆశ్చర్యము కలిగినది. దానిని విష్ణుశిల యందురు! లోయ నడుమ గోపురములవలె లేచిన శిఖరములకు విష్ణ్వాలయము, బ్రహ్మాలయము, శివాలయము అని పేర్లు. రామునికిని కృష్ణునికిని కూడ ఒక్కొక్క శిఖరమున్నది. 1880 ప్రాంతమున ఈ ప్రదేశమును పరిశోధించిన క్లారెన్సు డటను అను భూగర్భశాస్త్రజ్ఞునకు ఈ ఆకారములు తూర్పుదేశపు దేవాలయములవలె తోచెనట. ఆయన మొదలిడిన వాడుక నిలిచిపోయినది. అచ్చట గుడియు లేదు, పూజారియు లేడు, రాయియే. అయినను మా యత్తగారికి ఫోనులో ఈ మాట చెప్పగా, "శివాలయము విడిగా తీసితివా?" అని అడిగిరి.

విడిగా తీయుటయే మంచిదని ఆ యుదయము తెలిసికొంటిని. లోయనంతయు ఒక్క పటములో నిముడ్చుటకు వెడల్పు కటకము పెట్టినచో ఎదుటి గోడ దూరముగ పోయి అల్పమగును. నడుమ నున్న యగాధము కాలువవలె కనబడును. దూరపు కటకముతో ఒక్క శిఖరమును, దాని నీడను, వెనుక మసకబారిన రెండు మూడు గట్లను పట్టినచో లోతు దానంతట అదే తెలియును. ఫోనుతో తీయువారు తెరపై వెలుగుపడిన రాతిని వ్రేలితో తాకి, వెలుతురును కొంచెము తగ్గించుకొనవలెను. లేనిచో ఫోను నీడలన్నిటిని తెల్లచేసి లోతును పోగొట్టును. మరియు పటములో ఎచ్చటనో ఒక మనిషి యుండవలెను. మా మనుమరాలిని కమ్మీల వెనుక నిలిపి, దూరముగ పోయి తీసితిని. అత్తగారు మొగములు వద్దనిరి గదా. పిల్ల వీపు మాత్రమే కనబడినది.

ఇచ్చట నా తెలివితక్కువతనమును దాచకుండ చెప్పవలెను. ఆ గట్టున పెక్కుచోట్ల కమ్మీలు లేవు. ఒక వంకరచెట్టును, దాని కొమ్మల నడుమ కనబడు శిఖరమును పటములో పట్టవలెనని కెమెరా కంటికానించి వెనుకకు రెండడుగులు వేసితిని. మూడవ యడుగు వేయకముందే మా యమ్మాయి నా చీరకొంగు పట్టి లాగినది. తిరిగి చూతునుగదా, రెండుమూరల దూరమున నేల లేదు. ఆ పిల్ల నాతో ఏమియు ననలేదు. సగము దినమువరకు కొంగు విడువలేదు, అంతే. కంటికి కెమెరా యున్నంతసేపు కాలు కదలరాదనియు, కాలు కదలునపుడు కెమెరా మెడలో వ్రేలాడవలెననియు ఆనాటినుండి ఇంటిల్లిపాదికి కట్టడి.

పగటివేళ తీరిక చిక్కినందున, బ్రైట్ ఏంజెల్ అను కాలిబాట మొదట గట్టునంటి కట్టిన యొక పాత కొయ్యయింటికి పోయితిమి. అది కోల్బు సోదరులు ఎల్స్‌వర్తు, ఎమెరీ యనువారి ఛాయాచిత్రశాల. 1904 ప్రాంతమున వారు పని మొదలిడిరి. కంచరగాడిదల నెక్కి లోయలోనికి దిగు యాత్రికులను ఉదయము గాజుపలకలపై చిత్రించి, వారు తిరిగివచ్చునప్పటికి పటములు సిద్ధము చేసి అమ్ముట వారి వ్యాపారము. గట్టుమీద పలకలు కడుగుటకు నీరు లేదు. కావున ఎమెరీ ఆ పలకలను మోసికొని నాలుగున్నర మైళ్లు, సుమారు 3,000 అడుగుల లోతునకు, నీటియూటలున్న చోటికి పరుగున దిగి, అచ్చట కడిగి, మరల పైకి ఎక్కి వచ్చెడివాడట! అంగడి వ్యవహారమునందు ఎమెరీ భార్య బ్లాంచి పాలు కూడ నుండెను. 1911, 1912లలో ఆ యన్నదమ్ములు రెండు పడవలపై నదిలో పోవుచు చలనచిత్రము తీసిరి. ఎమెరీ తొంబదియైదేండ్ల వయస్సున 1976లో కాలధర్మము నొందువరకు ఆ చిత్రము అచ్చట ప్రదర్శింపబడుచుండెను. మూడు వ్రేళ్లతో మీట నొక్కి రెండువందల పటములు పాడుచేసిన నాకు ఆ కొయ్యమెట్లమీద కొంచెము సిగ్గు కలిగినది.

ఆ ఎమెరీయే 1938లో యిద్దరు స్త్రీలున్న యొక పడవప్రయాణమున లోయ క్రిందిభాగమున తోడుగా పోయెను. వారు మిషిగన్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞురాండ్రు, ఎల్జడా క్లోవరు, లోయిస్ జాటరు. ఈ లోయ గుండ నదిమీద తుదివరకు పోయి ప్రాణములతో బయటపడిన మొదటి స్త్రీలు వీరే. ఆడువారు పోదగిన చోటు కాదని ఆనాటి పత్రికలలో రాతలు వచ్చినవి. వారు సుళ్లను దాటుచు, గట్టున దిగినచోట నెల్ల మొక్కలు సేకరించి, కాగితముల నడుమ ఆరబెట్టి, 1944లో వాని పట్టిక ప్రకటించిరి. పై నున్న గ్లెన్ కేనియన్ ఆనకట్ట 1963లో నీటిని నిలుపుటతో నదియొడ్డు మొక్కల తీరే మారిపోయినది గనుక, మునుపటి స్థితికి ఆ పట్టిక నేటికిని సాక్ష్యముగా నున్నది. అంత పాండిత్యమున్నను పడవవారికందరికి వంట చేయుట మాత్రము ఆ యిద్దరికిని తప్పలేదు. చదువరులైన సోదరీమణులకు దీనిని నేను విప్పి చెప్పనక్కరలేదు.

మూడవనాటి సాయంకాలము హోపీ పాయింటునకు పోయితిమి. వేసవిలో ఆ దారిని సొంతకార్లు పోనీయరు. ఉద్యానమువారి బస్సులో పోవలెను. జూలైలో అచ్చటికిని వానమబ్బులు వచ్చును. మధ్యాహ్నము దాటిన పిదప పడమట నల్లని మేఘము లేచినది. దాని క్రిందినుండి సూర్యుడు తొంగిచూడగా, ఒక్క శిఖరమే నిప్పుకణికవలె వెలిగి, చుట్టును సముద్రమువంటి చీకటి. లోయకడ్డముగ ఇంద్రధనుస్సు. మూడు దినములుగా నేను వెదకుచున్న పటమిదియే! కెమెరాను ముక్కాలిపీటపై బిగించుచుంటిని. అంతలో దూరముగ మెరుపు, ఊపిరి పీల్చునంత వ్యవధిలో ఉరుము.

"అత్తయ్యగారూ, బస్సులోనికి రండి" అని మా యల్లుడు పిలిచెను. "ఒక్క నిమిషము బాబూ" అంటిని. అతడు మరల పిలువలేదు. మనుమరాలిని ఎత్తుకొని నా ప్రక్కకే వచ్చి నిలిచెను. నేను కదలనిదే తాము కదలమన్నమాట. పిడుగు గట్టు కొసన నిలిచినవారిని, ఎత్తైన దానిని వెదకును. ఉరుము వినబడినచో అంచు విడిచి బస్సులోనో కారులోనో చేరవలెనని అచ్చట అడుగడుగునను హెచ్చరికలున్నవి. ఇనుపకాళ్ల పీట పట్టుకొని నిలిచిన నేనును, నా కోసము నిలిచిన ఆ పసిపిల్లయు. పీటను మడచి బస్సెక్కితిని. కిటికీ గాజుమీద వానచారలు పడగా, వాని వెనుక ఆ శిఖరము మరి నాలుగైదు నిమిషములు వెలిగి ఆరిపోయినది. నా కన్నులు చెమర్చినవి. అల్లుడు చూడనట్లు తల త్రిప్పుకొనెను.

రాత్రి వాన వెలసిన తరువాత ఎదుటి గట్టున, పది మైళ్ల యావల, రెండు మూడు దీపములు మిణుకుమనుచుండెను. ఉత్తరపుటంచున నున్న పాత వసతిగృహపు దీపములని చెప్పిరి. చీకటిలో కెమెరా కన్నును అరనిమిషము తెరచి ఆ దీపములను పట్టితిని. అది మంచి పటము కాదు. కాని 2025 జూలైలో కార్చిచ్చు వచ్చి ఆ గృహమును దహించిన వార్త చదివిన నాటినుండి దానిని పారవేయుటకు చేయి రాలేదు.

మరునాడు తిరుగు ప్రయాణము. తూర్పుదారిని సుమారు 25 మైళ్లు పోయినచో డెజర్ట్ వ్యూ అను ఘట్టమున 70 అడుగుల రాతిబురుజున్నది. 1932లో దానిని కట్టించిన శిల్పి మేరీ కోల్టరను స్త్రీ. పూర్వపు ఆదివాసుల కట్టడములను పరిశీలించి, వాని తీరున రాతిని పేర్పించినది. లోపలి ఉక్కుచట్రము బయటికి కనబడదు. లోపలి గోడలమీద హోపీజాతివాడైన ఫ్రెడ్ కబోటీ చిత్రించిన బొమ్మలున్నవి. గట్టుపొడుగునను ఆమె చేయించిన కట్టడములు మరికొన్ని యున్నవి, అన్నియు అక్కడి రాళ్లలోనుండి మొలచినట్లే తోచును.

మూడు దినములు గ్రామము వైపునుండి మాకు సరిగా కనబడని నది ఆ బురుజు చెంత కనబడినది. తెల్లవారి వెలుగు ఏటవాలుగా పడుచున్నది. అడుగున వంపు తిరిగిన దారపుపోగువలె నీరు. ఆనకట్టలో ఒండు నిలిచిపోవుటచే ఈ నది నేడు సాధారణముగ పచ్చగా పారునని చదివియుంటిని. కాని రాత్రి వానకు ప్రక్కవాగులు పొంగి మన్ను తెచ్చినందున ఆనాడు ఎఱ్ఱగా నుండెను. కొలరాడో యనగా స్పానిషు భాషలో ఎఱ్ఱనిదనియే యర్థము. మనుమరాలిని కమ్మీల కడ నిలిపి, నీడలు తరగకముందు పదునొకండు పటములు తీసితిని. రెండువందలు తీయలేదు.

దిగువదారిలో నవాహో స్త్రీలు బాటప్రక్క పందిళ్లలో వెండినగలు, పూసలు అమ్ముచుండిరి. నీలిరాయి పొదిగిన యుంగరమొకటి కొంటిని. ఆమె చేతులను చిత్రింపవచ్చునా యని అడిగితిని. ఆమె నవ్వి వద్దనెను, మానితిని. ఆ ప్రాంతపు జాతులలో కొందరు తమ గ్రామములలో కెమెరాను తీయనే తీయనీయరు. అడిగి తీయుట, వద్దనిన మానుట, ఇంతకంటె దానిలో కష్టమేమియు లేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆ పదునొకండింటిలో ఒక్కదానిని రెండడుగుల పొడవున అచ్చువేయించితిని. ఫోను తెర ఆమె కన్నులకానదు. మా యత్తగారు పటమును మంచముమీద పరపించుకొని, భూతద్దము పట్టి, చాలసేపు మాటాడలేదు. పిల్ల వీపుమీద వ్రేలు పెట్టి మెల్లగా క్రిందికి, ఎఱ్ఱగోడ మీదుగా, నీడలలోనికి దింపిరి.

"ఇక్కడినుండి ఇక్కడికెంత?"

"ఇంచుమించు మైలు, అత్తయ్యగారూ."

వ్రేలు నీటికడ నిలిచినది. "వరదనీరే!" అనిరి. "ఆషాఢమున గోదావరికి వచ్చు రంగే గదటే యిది."

ఆ పటము నేడామె మంచమెదుట గోడకున్నది. దాని ప్రక్కన పాపికొండల పటమొకటి కావలెనని యిటీవల పట్టుపట్టినారు. క్రొత్తనీరు తీసిన తరువాత లాంచీలెప్పుడు కదలునో మావారు కనుగొనుచున్నారు. కెమెరా బ్యాటరీని నేను నిన్ననే నింపి యుంచితిని.